రెక్కల అడుగున

కంకర మొదలైంది. ముందు చక్రం ఎగరేసిన మొదటి రాయి కారు ఎడమ రెక్క అడుగున తగిలినప్పుడు ఆ చప్పుడు అచ్చియ్యమ్మకి ముందు అరికాళ్ళకి తెలిసింది, తర్వాతే చెవులకి. దబ్. తడిసిన గోనెసంచి మీద కర్రతో కొట్టినట్టు మెత్తగా. మంచి చప్పుడు. ఆమె ఒళ్ళో రెండు చేతులూ బిగించి పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఇంకొకటి రానీ అనుకుంది. పక్కన స్టీరింగు దగ్గర ఉన్న సుఫియాన్ భయపడి వేగం తగ్గించబోతే, కళ్ళు తెరవకుండానే తల అడ్డంగా ఊపింది. తగ్గిస్తే ఇది పరీక్ష కాదు. నలభైకి తగ్గకుండా చోడవరం నుంచి కె.కోటపాడు దాకా వెళ్ళి, మళ్ళీ ఇదే దారిలో వెనక్కి రావాలి, అదీ ఒప్పందం. రోడ్డు వెడల్పు చేస్తూ కంకర పరిచారు, తారు ఇంకా పడలేదు, చెరకు ట్రాక్టర్లు తొక్కి తొక్కి రాళ్ళని వదులు చేసి పెట్టాయి, ఇంతకంటే మంచి పరీక్ష ఎక్కడ దొరుకుతుంది. తిరిగి వెళ్ళేసరికి చోడవరంలో తన షెడ్డు ముందు స్టూలు మీద కార్లకి రంగులేసే గౌస్ గారు కూర్చుని ఉంటారు. ఆయన పక్కన తన భర్త సత్యారావు, ఆయనతో ఏం మాట్లాడాలో తెలియక, టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంటాడు. గౌస్ గారు కారు రెక్కల మీద నల్ల సిరా పూసి గుడ్డతో తుడుస్తారు, ఎక్కడ బీట ఉంటే అక్కడ సిరా దిగి ఉండిపోతుంది. ఒక్క గీత కనిపించినా అచ్చియ్యమ్మ చేసిన పని మొత్తం పీకెయ్యాలి. ఆ మాట అన్నది గౌస్ గారు, సరే అన్నది తనే.

ఎంత కిందికి ఉంటుందీ కారు. యాభై రెండేళ్ళలో ఎన్నో బండ్లు ఎక్కింది కానీ ఇలా ఒక బండిలోకి దిగడం ఇదే మొదలు. ముందు ఒక కాలు లోపల పెట్టి, తలుపు పట్టుకుని, చీర కుచ్చెళ్ళు పోగుచేసుకుని, నూతిలోకి దిగినట్టు దిగింది. ఎదురొచ్చే ట్రాక్టరు చక్రం సరిగ్గా ముఖానికి ఎదురుగా ఉంటుంది. పైకప్పు లేదు, ఇద్దరికే చోటు, ఇంగ్లండులో అరవై ఏళ్ళ కిందట తయారైన పందేల కారట, ఒళ్ళంతా ఇనుము కాదు, ఫైబరు. విశాఖపట్నంలో ఓడల ఇంజన్లు బాగుచేసే ఈ సుఫియాన్ ఏదో గోడౌన్‌లో బూజు పట్టి పడున్న దాన్ని తెచ్చుకుని నాలుగేళ్ళ ఆదివారాలన్నీ దానికే పోశాడు. వర్షాలు వెనకబట్టిన రోజుల్లో ఒక సాయంత్రం దారి అడగడానికి షెడ్డు ముందు ఆగాడు. ఆమె దారి చెప్తూ చెప్తూ మధ్యలో ఆపేసింది. ముందు చక్రాల మీద గుండ్రంగా లేచిన రెండు భాగాల మీదా, నిగనిగలాడే ఆకుపచ్చ రంగులో, సన్నటి గీతలు, ఒక చుక్క నుంచి నాలుగు దిక్కులకీ పాకిన గీతలు, చుక్క తర్వాత చుక్క, పగలే నక్షత్రాలు పొడిచినట్టు. ఏటిది బాబూ అని అడిగింది. వింగ్స్ అమ్మా, అన్నాడు. వింగంటే రెక్కే కదా అంది. అతను నవ్వి, అవును రెక్కలే, మా మామూ మూడుసార్లు రంగు వేశాడు, మూడుసార్లూ రెండు నెలలకే ఇలా పగిలిపోయాయి అన్నాడు. మామూ అంటే గౌస్ గారే, అతని మేనమామ, విశాఖలో పాత కార్లకి రంగు వెయ్యాలంటే ఆయన తర్వాతే ఎవరైనా. ఒకసారి రంగు కింద పూసే ప్రైమరు మంచిది కాదన్నారట, ఒకసారి ఎండ అన్నారట, మూడోసారి సముద్రపు గాలి అన్నారట. అచ్చియ్యమ్మ అడగకుండానే వంగి రెక్క కిందకి చెయ్యి పోనిచ్చింది. వేళ్ళకి తగిలాయి. పైన నక్షత్రం ఉన్న ప్రతి చోటా, అడుగున చిన్న గంటు.

“దెబ్బ పైనుంచి కాదు బాబూ, కిందనుంచి తగల్తంది. టైరు రాయి ఎగరేస్తంది, రాయి అడుగున కొడతంది, పగులు పైకొచ్చి కనబడతంది. రంగుదేటీ తప్పు నేదు.”

దబ్. దబ్. టక్ అని ఒక చిన్నది, చక్రానికీ రోడ్డుకీ మధ్య నలిగి పక్కకి పోయింది, అది లెక్కలోకి రాదు. మళ్ళీ దబ్. ఆ మాట చెప్పడానికి తనకి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో సుఫియాన్‌కి తెలియదు. అతనికి షెడ్డులో నీళ్ళ ట్యాంకులకి అతుకులు వేసే ఒక ఆడమనిషి కనిపించింది, అంతే. హార్బరు దగ్గర ఫైబరు బోట్లు కట్టే యార్డు కనిపించదు కదా, అక్కడ పదిహేనేళ్ళు ఫైబరు మ్యాటు కత్తిరించి, దాన్ని అతికించే రెజిన్ జిగురు కలిపిన అచ్చియ్యమ్మ కనిపించదు. ఆడవాళ్ళకి అక్కడ కత్తెరా బకెట్టూ, మగవాళ్ళకి బ్రష్షూ రోలరూ. ఎండ కాస్తే రెజిన్‌ని గట్టిపరిచే హార్డెనరు తక్కువ, మబ్బు పడితే కాస్త ఎక్కువ, కొలత ఎవరూ చెప్పలేదు, బకెట్టు వేడి చేతి వెనక వైపుకి తగిలితే తెలిసిపోయేది. కలుపుతూ చూసేది. మ్యాటులో గాలి బుడగ ఎక్కడ మిగిలిందో, అంచు ఎక్కడ మొరటుగా ఆగిందో రోలరు పట్టుకున్నవాడి కంటే ముందే ఆమె కంటికి కనిపించేది. ఒక బోటు లోపల అడ్డపట్టీ వేసినప్పుడు దాని అంచు కత్తిలా నిలబడి ఉండటం చూసింది, అల కొట్టినప్పుడల్లా ఫైబరు అక్కడే వంగి అక్కడే విరుగుతుందని తెలిసింది, మేస్త్రీ రాముతో అన్నది కూడా. నీ పని బకెట్టు దగ్గర, అన్నాడు రాము, కోపంగా కూడా కాదు, ఈగని తోలినట్టు. ఆమె బకెట్టు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ బోటు పరదేశి అనే జాలరి తీసుకెళ్ళాడు.

కళ్ళు తెరిస్తే చెరకు, రెండు పక్కలా చెరకు, దాని మీంచి వచ్చే గాలి తియ్యగా, కొంచెం పులుపుగా. మూసుకుంటే పరదేశి. రెండు నెలల తర్వాత యార్డుకి వచ్చాడు. సముద్రం మధ్యలో బోటు అడుగు చీలి నీళ్ళు లోపలికి వస్తుంటే అతనూ తమ్ముడూ పొద్దున్నించి మధ్యాహ్నం దాకా నూనె డబ్బాతో తోడి పోసుకుంటూ ఒడ్డుకి చేరారట. గొడవ పెట్టుకోలేదు. తిట్టలేదు. బోటుని బోర్లించి, చీలిక మీద అరచెయ్యి అటూ ఇటూ తిప్పి, ఇది కట్టినప్పుడు ఎవులూ సూడనేదేటి అని అడిగాడు. అంతే. రాము తప్పంతా సముద్రం మీదికి తోసేశాడు. అచ్చియ్యమ్మ చేతిలో బకెట్టు ఉంది, కలుపుతూనే ఉంది, నేను చూశాను అన్న మాట గొంతులో ఉంది, కలుపుతూనే ఉంది, పరదేశి వెళ్ళిపోయాడు. చూసుకునేసరికి బకెట్టులో రెజిన్ గడ్డకట్టిపోయి కర్ర అందులోనే నిలబడిపోయింది. ఆ తర్వాత యార్డు మూతపడింది, సత్యారావుకి చెరకు కాటా దగ్గర పని దొరికింది, చోడవరం వచ్చేశారు, షెడ్డు పెట్టుకుంది, ట్యాంకులూ ఆటోల టాపులూ లారీల బంపర్లూ, రోలరు ఇప్పుడు తన చేతిలోనే. కానీ పరదేశి అడిగిన దానికి జవాబు మాత్రం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. సుఫియాన్‌కి చెప్పినప్పుడు, దెబ్బ కిందనుంచి అన్నప్పుడు, గుండె దడదడలాడింది. ఒక కారు రంగు గురించి అన్న మాటే. ఆమె ఒంటికి మాత్రం అలా అనిపించలేదు.

అన్నంత మాత్రాన అయిపోలేదు. మొదటిసారి ఓడిపోయింది కూడా. రెక్కల అడుగు గీకి, కడిగి, ఆరబెట్టి, రెండు పొరలు మ్యాటు వేసింది, గట్టిగా ఉంటే పగలదు కదా అనుకుంది. సుఫియాన్ ఒక నెలపాటు కారు తిప్పి తెచ్చాడు. పాతవాటికి తోడు ఇంకో నక్షత్రం వచ్చింది. కొత్త మ్యాటు ఎక్కడ ఆగిందో సరిగ్గా ఆ అంచు మీద పొడిచింది. ఆ రోజు గౌస్ గారు మేనల్లుడితో పాటు వచ్చారు, తెల్లటి గడ్డం, ఇస్త్రీ చొక్కా, వేళ్ళ గోళ్ళ చుట్టూ ఎన్నేళ్ళ రంగులో. నవ్వలేదు. నక్షత్రం మీద బొటనవేలు పెట్టి ఆమె వంక చూశారు. నవ్వినా బాగుండేది. తను కూడా రాము చేసిన తప్పే చేసింది, కత్తి లాంటి అంచు. ఆ వారమంతా సత్యారావు వండిపెడితే తిన్నది, ఏం తిన్నదో తెలియదు. రెండు రెక్కల అడుగుల్నీ మళ్ళీ గీకేసింది. ఈసారి ఒక పొర మీద ఇంకో పొర, పైది కిందిదానికంటే చిన్నది, దానికంటే చిన్నది ఇంకొకటి, అట్టు అంచులా ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో వేలికి తెలియకుండా పలచబడేలా. అయినా సరిపోదని తెలుసు. గట్టిదనం దెబ్బని ఆపుతుంది, ఆపిన దెబ్బ ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. అప్పుడు గుర్తొచ్చింది జెట్టీ. హార్బరులో జెట్టీ గోడకి పాత టైర్లు వేలాడదీసి ఉండేవి, ఎంత పెద్ద బోటు వచ్చి ఆనినా టైరు నొక్కుకుని, ఆ దెబ్బని తనలో పెట్టుకుని, మళ్ళీ పొంగేది. పక్కనున్న టైర్ల కొట్టుకి నడిచి వెళ్ళి పనికిరాని లారీ ట్యూబు ఒకటి తెచ్చుకుంది. కోసి, రెక్క వంపుకి తగ్గట్టు పరిచి, ఫైబరుకి ఆనకుండా వేలెడు ఖాళీ ఉంచి, అంచుల దగ్గర బిగించింది. రాయి ముందు రబ్బరుని కొట్టాలి, రబ్బరు వెనక్కి ఊగాలి, ఫైబరు దాకా వెళ్ళేసరికి రాయి అలిసిపోవాలి.

గౌస్ గారు ఒప్పుకోలేదు. ఆ ఖాళీలో బురద చేరుతుంది, తడి నిలబడుతుంది, రంగు లోపల్నించి ఉబ్బుతుంది అన్నారు. మాట నిజమే, ఆమె దానికీ ఆలోచించింది, కింద నాలుగు వేళ్ళ మేర బిగించకుండా వదిలేసింది, పైనుంచి పైపు పెడితే నీళ్ళు బురదతో సహా జారిపోతాయి. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు రబ్బరుకి రాసుకుంటుంది అన్నారు. రబ్బరుకి సుద్ద పూసి ఇటు చివరికీ అటు చివరికీ తిప్పించి చూపించింది, టైరుకి సుద్ద అంటలేదు. ఆయన టైరు చుట్టూ వేలు తిప్పి చూసుకుని, అయితే నాలుగోసారి రంగు నేనే వేస్తాను కానీ, ముందు తెల్ల ప్రైమరుతోనే రాళ్ళ రోడ్డు మీద తిరిగి రండి, ఒక్క గీత వచ్చినా ఇదంతా పీకేసి రేకు కొట్టిస్తాను అన్నారు. వచ్చే ఆదివారం విశాఖలో పాత కార్ల ఊరేగింపు, సుఫియాన్ పేరు ఇచ్చేశాడు. ఇప్పుడు రెక్కలు రెండూ తెల్లగా, కొంగ రెక్కల్లా ఉన్నాయి, రంగు లేకపోతే దాచుకోవడానికి ఏమీ ఉండదు. దబ్. దబ్. దబ్. కొట్టండి. ఎన్ని కొడతారో కొట్టండి. ఇటు పక్క పెద్దది, గుడ్డంత ఉంటుంది, నడుము దాకా అదిరింది, అయినా చప్పుడు మెత్తగానే వచ్చింది. సంతోషం ఆమెకి ఎక్కడో పొత్తికడుపులో మొదలై పైకి పాకుతోంది, వద్దు, ఇంకా వద్దు, సగం దారి కూడా కాలేదు, కె.కోటపాడు రాలేదు.

ఠంగ్.

ఎడమ వైపు. ముందు. అచ్చియ్యమ్మ కళ్ళు తెరుచుకున్నాయి. ఇది రబ్బరు చప్పుడు కాదు. గట్టిది, పొడిది, పళ్ళలోకి దిగే చప్పుడు. కారు ముందు దీపం వెనక మూల. ఆ మూల తనకి తెలుసు. అక్కడికి చెయ్యి మణికట్టు దాకానే పోతుంది, చూపు అసలు పోదు, రెజిన్‌లో తడిపిన మ్యాటుని వేళ్ళ చివర్లతో గుడ్డిగా నొక్కుకుంటూ వేసింది, రబ్బరు కూడా అక్కడ నొక్కి పట్టుకోవడానికి చోటు లేక కొద్దిగా తక్కువైంది. తెలిసే వదిలేసింది. కాదు, వదల్లేదు, అంతకంటే కుదరలేదు. అలా అని రాము కూడా అనుకుని ఉంటాడు. సుఫియాన్ కాలు బ్రేకు మీదికి వెళ్ళింది.

“ఆపకు బాబూ. పోనీ.”

కె.కోటపాడు దగ్గర బండి తిప్పారు, టీ కొట్టు ముందు జనం లేచి నిలబడి చూశారు, ఎవరో చెయ్యి ఊపారు, ఆమె ఊపలేదు. తిరుగు దారంతా రాళ్ళు దబ్ దబ్ మంటూనే ఉన్నాయి, ఇందాక ఆ చప్పుడుకి ఎంత పొంగిపోయిందో, ఇప్పుడు ఒక్కటీ చెవికి ఎక్కడం లేదు, చెవిలో ఆ ఒక్క ఠంగ్ మాత్రమే ఉంది. మూలలో సన్నటి గీత లేచి ఉంటుంది. దీపం గుండ్రటి అంచు వెనక దాక్కుని ఉంటుంది. గౌస్ గారి కళ్ళకి డెబ్భై దగ్గరపడుతున్నాయి, సిరా పైపైన పూసి తుడిచేస్తారేమో, ఆ మూల దాకా వెళ్ళరేమో. ఆ ఆలోచన వచ్చినందుకు అచ్చియ్యమ్మకి ఒళ్ళు మండింది. బకెట్టులో కర్ర తిరుగుతున్నట్టే అనిపించింది, కలుపు, కలుపు, తల ఎత్తకు, పరదేశిలాగే ఈయనా వెళ్ళిపోతారు. లేదు. పీకేస్తే పీకెయ్యనీ. ఆ మూలకి ఇంకో దారి ఆలోచించుకోవచ్చు, దీపం ఊడదీసి ముందు వైపు నుంచి వెయ్యచ్చు, మళ్ళీ గీకచ్చు, చేతులు ఉన్నాయి. కానీ చూసి కూడా చూడనట్టు నిలబడటం ఈ జన్మకి ఒక్కసారి చాలు. అలా అనుకోగానే వింతగా భయం పోయింది. చోడవరం ఇళ్ళు కనిపించేసరికి ఆమె నిటారుగా కూర్చుని ఉంది.

షెడ్డు ముందు కారు ఆగింది. గౌస్ గారు సిరా సీసా మూత తియ్యకముందే అచ్చియ్యమ్మ బండిలోంచి పైకెక్కి వచ్చి, ఎడమ దీపం పక్కన వేలు పెట్టింది.

“ముందు ఇక్కడ సూడండి సాయిబుగారూ. దారిలో ఇక్కడ గట్టి సప్పుడొచ్చింది. ఈ మూల నా సెయ్యి సరిగ్గా ఎల్లనేదు.”

ఆయన ఆమె వంక ఒక క్షణం చూశారు. గుడ్డ ముంచి ఆ మూలంతా నల్లగా పూశారు, వేలికి గుడ్డ చుట్టి దీపం అంచు వెనక దాకా పోనిచ్చి రుద్దారు, తర్వాత శుభ్రమైన గుడ్డ తీసుకుని నెమ్మదిగా తుడవడం మొదలుపెట్టారు. నలుపు పోతూ తెలుపు వస్తోంది. తెలుపు. ఇంకా తెలుపు. అంచు దగ్గర ఒక నల్ల గీత నిలిచింది, అచ్చియ్యమ్మ ముందుకు వంగింది, గుడ్డ మళ్ళీ వెళ్ళింది, గీత పోయింది, సిరా చారే. తెలుపు. ఆయన అక్కడితో ఆగలేదు. రెక్క మొత్తం పూసి తుడిచారు, కుడి రెక్క పూసి తుడిచారు, సుఫియాన్ గోళ్ళు కొరుక్కుంటున్నాడు, సత్యారావు చేతిలో టీ మీద మీగడ కట్టింది. రెండు రెక్కలూ తెల్లగా, ఎండలో కళ్ళు చెదిరేలా, పుట్టినప్పటిలా. అప్పుడు గౌస్ గారు ఇస్త్రీ చొక్కాతోనే నేల మీద వెల్లకిలా పడుకుని, ఫోన్ లైటు వేసి, రెక్క కిందకి తల పెట్టారు. చాలాసేపు అక్కడే ఉన్నారు. ఆయన చెప్పులు, పాదాలు, మోకాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. దీపాన్ని పట్టి ఉంచే ఇనప పట్టీ మీద కొత్తగా సొట్ట పడింది, రాయి దానికి తగిలింది అని అక్కడి నుంచే చెప్పారు. ఠంగ్ మన్నది ఇనుము. ఫైబరు కాదు. రబ్బరు మీద మాత్రం ఎన్ని గుర్తులున్నాయో, చేత్తో తడుముతుంటే తెలుస్తోంది అన్నారు, వెనకున్న ఫైబరుకి ఒక్క గంటూ లేదు అన్నారు. లేచి కూర్చుని, వీపు దులుపుకోకుండా, గడ్డం మీద మట్టితో, ఆమె వైపు తిరిగారు.

“మూడుసార్లు రంగేసేనమ్మా. మూడుసార్లూ తప్పు పైనే వెతికేను. ఒక్కసారీ వంగి కింద సూడలేదు.” కారు వెనక వైపు చూపిస్తూ, “వెనక చక్రాల రెక్కలకి కూడా నువ్వే వెయ్యి. ఎలగేస్తావో నేను పక్కన కూకుని సూస్తాను” అన్నారు.

అచ్చియ్యమ్మకి సంతోషం ఇప్పుడు ఇక రావచ్చు, ఎవరూ ఆపడం లేదు, అది వచ్చింది, పొత్తికడుపులోంచి ఛాతీ దాకా, ఛాతీలోంచి చేతుల్లోకి, రెజిన్ తిని తిని గరుకెక్కిన వేళ్ళ చివర్ల దాకా. ఏడుస్తానేమో అనుకుంది, ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది, పెద్దగా, సిగ్గులేకుండా. సత్యారావు ఆమెని అలా నవ్వగా ఎప్పుడు చూశాడో, అతనూ మొదలుపెట్టాడు, గ్లాసు వొలికిపోయింది. సుఫియాన్ రెక్క మీద రెండు చేతులూ పరిచి ఉన్నాడు, బిడ్డకి జ్వరం తగ్గిందో లేదో చూస్తున్నవాడిలా. అమ్మా నీకేం కావాలో చెప్పు అన్నాడు, ఏదైనా సరే అన్నాడు. ఆమె కారు వంక చూసింది. తలుపు ఇంకా తెరిచే ఉంది. కుచ్చెళ్ళు పోగుచేసుకుని, ఎవరి సాయమూ లేకుండా, ఈసారి చులాగ్గా లోపలికి దిగి కూర్చుంది.

“మళ్ళీ ఆ రోడ్డెంటే తీసుకెల్లు బాబూ. ఇందాక ఇనడంతోనే సరిపోయింది. ఏటీ సూడనేదు.”

కంకర మళ్ళీ మొదలైంది. ఆమె కళ్ళు మూసుకోలేదు. చెరకు మీద పూల వెన్నులు తెల్లగా, మైళ్ళ కొద్దీ తెల్లగా ఊగుతున్నాయి, ఈ దారిలో ఇన్ని ఉన్నాయని ఇన్నేళ్ళూ తెలియనే లేదు. కాలవ గట్టు మీద కూలీలు కత్తులు భుజాన వేసుకుని ఆగి చూస్తున్నారు, వాళ్ళలో ఒకామె నోటి మీద చెయ్యి వేసుకుంది, అచ్చియ్యమ్మ చెయ్యి ఎత్తి ఊపింది, ఆమె కూడా ఊపింది. గాలికి ముడి ఊడిపోయి జుట్టు మొహం మీద పడింది, తోసేసుకుంది, మళ్ళీ పడింది, వదిలేసింది. కింద రాళ్ళు ఎగురుతున్నాయో లేదో ఆమెకి పట్టలేదు. సుఫియాన్ వైపు వంగి, గాలిలో వినిపించేలా గట్టిగా, ఇంకొంచెం జోరుగా పోనీ బాబూ అంది.